గుర్రం మందు స్టాకు గురించి, ఆరోగ్య శాఖ మంత్రి గారికి

అయ్యా,

మా తమ్ముడికి ఎప్లాస్టిక్ అనీమియా. ఎముక మజ్జ రక్తకణాలు తయారుచేయడం దాదాపు మానేసే జబ్బు. మొదట బ్రష్షు మీద రక్తం, తర్వాత పిక్కల మీద గుండుసూదితో గుచ్చినట్టు ఎర్రటి చుక్కలు. క్యాన్సర్ కాదనగానే ఊపిరి పీల్చుకున్నాం. తొందరపడ్డాం.

వైద్యం లేదని కాదు. చిన్న వయసువాళ్లకి తోబుట్టువు మజ్జ సరిపోతే మార్పిడే మొదటి దారి. ఒక్కో తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతే, నాది కలవలేదు. ఇక మిగిలింది మందులే: మజ్జ మీద దాడి చేసే రోగనిరోధక శక్తిని అణిచే ఏటీజీ, సైక్లోస్పోరిన్, వాటికి తోడు రక్తకణాలు పెరగడానికి ఎల్ట్రాంబోపాగ్. చిక్కంతా ఏటీజీ దగ్గరే. గుర్రం నుంచి తీసింది వేరు, కుందేలు నుంచి తీసింది వేరు. 2011లో వెలువడిన అమెరికా పరిశోధనలో ఆరు నెలలకి మొదటిదానికి 68 శాతం మంది స్పందిస్తే, రెండోదానికి 37 శాతమే. మాకేమో "స్టాకులో ఉన్నది ఇదే" అని కుందేలుది చూపించారు. కూరగాయల బేరమా ఇది?

ఇంకోటి. మార్పిడి ఆలోచన ఉంటే ఇంట్లోవాళ్ల రక్తం ఎక్కించకూడదట. ఆ మాట మాకు చెప్పేసరికి నాన్న ఇచ్చిన బ్యాగు సగం ఖాళీ అయింది.

గుర్రం ఏటీజీని ప్రభుత్వమే కొని నిల్వ పెట్టాలి. జబ్బు తేలిన వారంలోనే ఇంటిల్లిపాదికీ ఉచితంగా హెచ్‌ఎల్‌ఏ పరీక్ష, అంటే ఎవరి మజ్జ కలుస్తుందో తేల్చే రక్తపరీక్ష, చేయించాలి. ప్లేట్‌లెట్లు మామూలుగా ఐదు రోజులకి మించి నిలవుండవు, కాబట్టి దాతల జాబితా కూడా ఆసుపత్రే చూసుకోవాలి, మేం ఫోన్లు పట్టుకుని తిరగడం కాదు.

తమ్ముడికి మళ్లీ గురువారం ఎక్కించాలి. దాత ఇంకా దొరకలేదు.

ఇట్లు,
ఒక రోగి అన్న