సామాను జాబితా సరే, సర్దడం మాటేమిటి?

సంపాదకులు గారికి,

సైకిల్ మీద టెంటు కట్టుకుని తిరిగేవారి కోసం వచ్చే వ్యాసాల్లో ఏమేం తీసుకెళ్లాలో చాంతాడంత జాబితా ఉంటుంది. దాన్ని సైకిల్ మీద ఎక్కడ, ఎలా సర్దాలో మాత్రం ఉండదు. దారిలో ఇబ్బంది పెట్టేది ఎక్కువగా అదే.

బరువంతా వెనక క్యారియర్ మీదే వేస్తే ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రం తేలిపోతుంది, దిగేటప్పుడు హ్యాండిల్ ఊగుతుంది. వెనక చక్రంలో చువ్వలు తెగుతాయి. అదీ ఎక్కువగా ఫ్రీవీల్ (గొలుసు పట్టే పళ్ల చక్రం) వైపే. మార్చాలంటే ముందు ఫ్రీవీల్ ఊడదీయాలి. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుకి చిన్న క్యారియర్ బిగించి, మూడో వంతు బరువైనా ముందుకు మళ్లించడం మేలు. వెనక క్యారియర్ ఎంత మోస్తుందో చాలావాటి మీద ముద్రించే ఉంటుంది, తరచూ 25 కిలోలు. ఆ లెక్కలో నీళ్లను మర్చిపోతుంటారు: 4 లీటర్లంటే 4 కిలోలు.

స్టవ్, పనిముట్లు, తిండి సామాను క్యారియర్‌కు పక్కన వేలాడే సంచి అడుగున, చక్రం వైపుకి ఆనించి పెట్టాలి. బట్టలు పైన. పంక్చర్ సామాను, రెయిన్‌కోటు మాత్రం సంచి విప్పకుండానే చేతికందాలి. కుడి ఎడమ సంచుల్ని వేలాడే త్రాసుకు తగిలించి చూసి, తేడా అరకిలోకి మించకుండా సర్దుకోవాలి. స్లీపింగ్ బ్యాగును విడిగా మరో ప్లాస్టిక్ సంచిలో చుట్టాలి, ఎందుకంటే వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్న సంచి కూడా కుట్ల దగ్గర కారవచ్చు. తడిసిన టెంటును లోపల కుక్కకుండా క్యారియర్ పైన కట్టాలి. ఇంధనం సీసా తిండి ఉన్న సంచిలో వద్దేవద్దు. ఫ్రేము కింది గొట్టానికి బిగించే బాటిల్ స్టాండే దాని చోటు.

అందరూ తేలిగ్గా తీసుకునేవి బోల్టులు. క్యారియర్‌ను పట్టి ఉంచేవి సాధారణంగా 5 మిల్లీమీటర్ల బోల్టులే. ఇరుసు దగ్గర ఉన్నవి కుదుపులకు మెల్లగా వదులవుతాయి. బోల్టు మరకు ఒక చుక్క థ్రెడ్‌లాకర్ (వదులవకుండా పట్టి ఉంచే జిగురు) వేసి బిగించి, రోజూ పొద్దున్నే 4 మిల్లీమీటర్ల అలెన్ కీతో ఒకసారి చూసుకోవాలి. అదే సైజు బోల్టులు రెండు అదనంగా ఉంచుకోవాలి. వేలాడే పట్టీ కొసలు చువ్వల్లో చిక్కుకోకుండా మడిచి కట్టాలి. బూట్లు వేసుకుని పెడల్ తిప్పి చూడాలి. మడమ సంచికి తగిలితే సంచిని తగిలించే కొక్కేలు వెనక్కి జరపాలి.

బయల్దేరే ముందు మొత్తం సామానుతో, నీళ్లతో సహా, గతుకుల దారిలో 20 కిలోమీటర్లు తొక్కి, ఇంటికొచ్చాక బోల్టులన్నీ మళ్లీ బిగించాలి. ఈసారి ఇలాంటి వ్యాసం వేసేటప్పుడు, సామాను కట్టిన సైకిల్ బొమ్మ ఒకటి పక్క నుంచీ వెనక నుంచీ గీయించి వేయండి.

– ఒక పాఠకుడు