రెండు గుండ్రాలు కలిపితే పిల్లి కాదు

సంపాదకుడు గారికి,

వేసవి సెలవులు రాగానే ఆదివారం పిల్లల పేజీలో ‘సులువుగా పిల్లి బొమ్మ’ లాంటివి మొదలవుతాయి. పెద్ద గుండ్రం, దాని మీద చిన్న గుండ్రం, రెండు త్రికోణాలు, ఆరు మీసాలు. పిల్లి తయారు. పిల్లలకు సరదాగానే ఉంటుంది, కాదనను. కానీ పదోసారి వేసిన పిల్లి కూడా అచ్చం మొదటిదానిలాగే ఉంటుంది. పిట్టగోడ మీద కూచుని వాళ్లనే చూస్తున్న అసలు పిల్లి వైపు మాత్రం ఎవరూ తలెత్తరు. ఆ అరపేజీలో గుండ్రాలు తీసేసి, జంతువును చూసి గీయడం ఎలాగో చెప్పమని అడగడానికే ఈ ఉత్తరం. మన తిరుపతిలో మోడల్ కోసం వెతుక్కునే పని లేదు. ఏ సందులోకి వెళ్లినా స్కూటర్ నీడన ఒక కుక్క పడుకునే ఉంటుంది, ఫీజు అడగదు.

మొదలుపెట్టాల్సింది కూడా పడుకున్న జంతువుతోనే. పెన్సిల్ పట్టుకోకుండా ఒక నిమిషం ఊరికే చూడాలి. తర్వాత ముక్కు నుంచి తోక కొస దాకా వెన్ను వంపు ఒకే గీతలో లాగాలి. భుజం ఎక్కడ, తుంటి ఎక్కడ అని రెండు గుర్తులు పెట్టుకుని, అప్పుడు పొట్ట గీత. చెవులు, కళ్లు, మూతి చివరికి. పిల్లలు దీన్ని సరిగ్గా తిరగేసి కళ్లతో మొదలుపెడతారు. అందుకే తల పేజీ నిండా వచ్చి కాళ్లకు చోటు మిగలదు. రబ్బరు పక్కన పెట్టేయాలి. పెద్ద బొమ్మ ఒకటి కాకుండా ఒకే షీట్ మీద అరచేతి సగమంత బొమ్మలు పది వేయించండి, ఒక్కోదానికి అర నిమిషం. మధ్యలో కుక్క లేచి ఇటు తిరిగి పడుకుంటే ఆ బొమ్మను అలాగే వదిలేసి పక్కన కొత్తది ఎత్తుకోవాలి. జంతువులు పడుకునే తీరులు నాలుగైదుకు మించవు. కాసేపటికి మళ్లీ పాత భంగిమలోకే వస్తుంది, వదిలేసిన బొమ్మను అప్పుడు పూర్తి చేయొచ్చు.

ఎక్కువమంది తప్పేది వెనక కాలు దగ్గర. కుక్కకు మోకాలు వెనక్కి వంగుతుందని పెద్దవాళ్లు కూడా అనుకుంటారు. వెనక్కి వంగి కనిపించేది మోకాలు కాదు, మడమ. కుక్కా పిల్లీ నడిచేది వేళ్ల మీద. అసలు మోకాలు పైన పొట్టకు దగ్గరగా ఉంటుంది, మనకు లాగే ముందుకే వంగుతుంది. పిల్లలను మునివేళ్ల మీద నిలబెట్టి, వాళ్ల మడమ ఎంత ఎత్తుకు లేచిందో చూపిస్తే ఇంకో మాట చెప్పే పనే ఉండదు. ముందు కాలిలో మోచేయి ఛాతీ అడుగు అంచుకు దగ్గర్లో ఉంటుంది. దాన్ని కిందికి దించి గీస్తే కుక్క మేజాబల్లలా బిగుసుకుపోతుంది. పిల్లి పొంచి ఉన్నప్పుడు భుజం ఎముకలు రెండూ వెన్ను గీత కంటే పైకి పొడుచుకొస్తాయి. ఆ రెండు గుబ్బలు వేస్తే చాలు, ఎదుట ఎలుక ఉందని వేరే చెప్పక్కర్లేదు.

కంటిపాపలు కూడా అందరికీ ఒకటి కావు. కుక్కకు గుండ్రం, మేకకూ గొర్రెకూ అడ్డంగా. పిల్లికి మిట్టమధ్యాహ్నం నిలువు చీలిక, చీకటి పడేసరికి నిండు గుండ్రం. ఎండలో కూచున్న పిల్లికి గుండ్రటి పాపలు పెడితే అది దేన్నో చూసి జడుసుకున్నట్టుంటుంది. మీసాలు ముక్కు కొన నుంచి పుట్టవు. ముక్కుకు రెండు పక్కలా ఉబ్బెత్తుగా ఉండే చోట నాలుగు వరసల చుక్కల్లోంచి, ఒక్కో వైపు దాదాపు పన్నెండు వస్తాయి. చిలక కాలికి ముందు రెండు వేళ్లు, వెనక రెండు. కాకికీ కోడికీ ముందు మూడు, వెనక ఒకటి. చిలక కోసం పంజరం మాత్రం కొనొద్దు. మన రామచిలకను ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. సాయంత్రం ఏ రావిచెట్టు కింద నిలబడినా కావలసినన్ని కనిపిస్తాయి.

ఈ మధ్య అందరూ ముచ్చటపడి గీస్తున్నది పుంగనూరు ఆవు. మామూలు ఆవును చిన్నది చేసి వేస్తే పుంగనూరు ఆవు రాదు, ఆ బొమ్మ దూడలా కనిపిస్తుంది. పొట్టితనమంతా కాళ్లలో ఉంది. ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లే అయినా ఒళ్లు ఎదిగిన ఆవుదే. నుదురు వెడల్పు, కొమ్ములు పొట్టి, తోక దాదాపు నేలను తాకుతుంది. పక్కన మనిషిని నిలబెట్టి వెన్ను గీత నడుము దగ్గరికి వచ్చేలా చూసుకుంటే కొలత కుదిరినట్టే. పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో ఈ జాతిని సంరక్షిస్తున్నారు. చిత్తూరు వైపు బడులు ముందుగా అనుమతి అడిగి పిల్లలను తీసుకెళ్తే ఫోన్లో ఫొటో చూసి దించే బాధ తప్పుతుంది.

సామాను సంగతి. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లు గుడ్డ మీద ముందుగా గీసుకునేది చింతపుల్ల బొగ్గుతో. ఇది ఇంట్లో చేసుకోవచ్చు, పొయ్యి దగ్గర మాత్రం పెద్దవాళ్లు ఉండాలి. పెన్సిలంత లావున్న చింతపుల్లలు తెచ్చి, బెరడు తీసి, బెత్తెడు ముక్కలు చేసి వారం ఎండబెట్టాలి. మూత బిగుతుగా పట్టే రేకు డబ్బాలో నిలువుగా పేర్చి, సందుల్లో పొడి ఇసుక పోసి, మూతకు మేకుతో ఒక్క బెజ్జం పెట్టి నిప్పుల్లో ఉంచాలి. బెజ్జంలోంచి పొగ రావడం ఆగితే కాలినట్టు, సుమారు గంట పడుతుంది. అసలు ఓపిక పట్టాల్సింది ఆ తర్వాతే. డబ్బా పూర్తిగా చల్లారకుండా మూత తీస్తే గాలి తగిలి లోపలున్నదంతా భగ్గుమని బూడిదవుతుంది. గోధుమ రంగు చారలుండి కాగితాన్ని గీరుతుంటే సరిగా కాలలేదని అర్థం, మళ్లీ పెట్టొచ్చు. నున్నటి చార్ట్ మీద బొగ్గు నిలవదు, కాస్త గరుకున్న 150 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు అన్ని గ్రాములు తూగే) కార్ట్రిడ్జ్ షీట్, అంటే బొమ్మలు గీసే దళసరి కాగితం కావాలి. చెరిగిపోకుండా వెన్న తీసిన పాలు తుంపర కొట్టే పద్ధతి ఒకటి పాతకాలం నుంచీ ఉంది. పనిచేస్తుంది కానీ మన ఊళ్లో చీమలు ఊరుకోవు. పైన పల్చటి కాగితం పరిచి అట్టల మధ్య పెట్టుకోవడమే నయం.

కలం కట్టడం ఇంకా సులువు. ఆరేడు అంగుళాల వెదురు పుల్లకు ఒక కొస సన్నగా చెక్కి, మొన నుంచి అంగుళం పైన ఉన్నిగానీ నూలు గుడ్డ పేలికగానీ ఉసిరికాయంత చుట్టి దారంతో కట్టాలి. ముంచి గీస్తూ వేళ్లతో ఆ చుట్టను కొద్దికొద్దిగా నొక్కుతుంటే రంగు మొనకు దిగుతుంది. మరీ బిగిస్తే రంగు పట్టదు, వదులైతే బొట్లు రాలతాయి. గీతల మధ్య రంగు నింపడానికి మొండి మొన ఉన్న కలం వేరేగా పెట్టుకోవాలి.

నల్లరంగు కసిమికి లీటరు నీళ్లు, 100 గ్రాముల బెల్లం, గుప్పెళ్ల కొద్దీ తుప్పు మేకులు మట్టికుండలో వేసి రెండు మూడు వారాలు పులియబెడతారు. మూతికి గుడ్డ కట్టాలే తప్ప సీసాలో పోసి బిరడా బిగించకూడదు, పులిసే కొద్దీ గాలి పుట్టి పేలుతుంది. ఇంట్లో కుక్క ఉంటే గుడ్డ మీద బరువైన పళ్లెం కూడా పెట్టాలి. బెల్లం వాసనకు వచ్చి నాకుతుంది, ఎక్కువ ఇనుము కడుపులో పడితే దానికి విషమే. కసిమి తనంత తాను నలుపు కాదు. కరక్కాయలోని వగరు సారం ఇనుముతో కలిసినప్పుడే నల్లబడుతుంది. అందుకని మీటరు నూలు గుడ్డను రాత్రంతా నానబెట్టి, గంజి పోయేలా ఉతికి, అర లీటరు పచ్చి గేదెపాలల్లో 50 గ్రాముల కరక్కాయ పొడి కలిపి ముంచి, సమంగా పిండి ఎండలో ఆరేయాలి. పాలలోని కొవ్వే గీతను పాకనివ్వదు. ఒకచోట గట్టిగా, ఒకచోట వదులుగా పిండితే నలుపు మచ్చలు మచ్చలుగా వస్తుంది. గీసిన గీత ఆరేకొద్దీ నల్లబడకుండా బూడిద రంగులోనే ఆగిపోతే కసిమి ఇంకా పులియాలి. ఆరేసిన గుడ్డ పిల్లికి అందనంత ఎత్తులో ఉండాలని చెప్పక్కర్లేదనుకుంటా, అవి గేదెపాలు! కాగితం మీద కూడా కరక్కాయ నీళ్లు పూసి ఈ కసిమితో గీయొచ్చు. అయితే ఏళ్లు గడిచేకొద్దీ ఇనుపసిరా కాగితాన్ని తినేస్తుంది. దాచుకునే బొమ్మకు మామూలు ఇండియన్ ఇంకే మేలు.

పిల్లల పేజీల్లో చేతిపనుల గురించి రాసేటప్పుడు ఇంట్లో జంతువులున్న వాళ్లను ఎవరూ తలుచుకోరు. రెండు కప్పుల గోధుమపిండికి కప్పు ఉప్పు కలిపి బొమ్మలు చేయమంటారు. ఆ కప్పు ఉప్పు పావుకిలో పైమాటే. ఒంటి బరువులో కిలోకు 2–3 గ్రాముల ఉప్పు పడితే కుక్కకు విషలక్షణాలు మొదలవుతాయి. అంటే పది కిలోల కుక్కకు ఆ ముద్ద 60–80 గ్రాములు చాలు. వాంతులు, తూలడం, వణుకు కనిపిస్తాయి. కక్కించడానికి ఉప్పునీళ్లు తాగించారంటే విషం మీద విషం పోసినట్టే. బొమ్మలకు చవితి నాటి బంకమట్టి ఉండగా ఈ ఉప్పుముద్ద ఎందుకో అర్థం కాదు.

పిల్లికి దారం ఇంకా ప్రమాదం. దాని నాలుక మీది ముళ్లు లోపలి వైపుకు వంగి ఉంటాయి కాబట్టి నోట్లోకి వెళ్లిన ఊలు, జరీ, పూలు కట్టే దారం బయటికి ఉమ్మలేదు, మింగాల్సిందే. ఒక కొస నాలుక కింద చిక్కుకుని మిగతాది పేగుల్లోకి పోతే, పేగు దారం మీదికి కుచ్చిళ్లలా ముడుచుకుని కోసుకుపోతుంది. నోట్లోంచి గానీ వెనక నుంచి గానీ దారం వేలాడుతుంటే లాగకూడదు, కత్తిరించకూడదు, నేరుగా పశువైద్యుల దగ్గరికి తీసుకుపోవాలి. తిరుపతి వాళ్లకు పశువైద్య కళాశాల ఆసుపత్రి ఊళ్లోనే ఉంది. గుడ్డ బొమ్మలు దాచే పెట్టెలో కలరా ఉండల బదులు ఎండిన వేపాకు వేయండి. రంగు ఒలికిన నేలను ఫినాయిల్‌తో తుడిస్తే పూర్తిగా ఆరేదాకా పిల్లిని రానివ్వొద్దు. పాదాలకు అంటింది నాకుతుంది, దాన్ని విరిచే శక్తి పిల్లి కాలేయానికి లేదు.

కుంచెల గురించి ఒక మాట. ముంగిస వెంట్రుకల కుంచెలు అమ్మడం, కొనడం చట్టరీత్యా నేరం. కొసన ముదురు రంగు, మధ్యలో మీగడ రంగు, మొదట్లో మళ్లీ ముదురు రంగు ఉంటే అనుమానించాలి. ఒక్క కుంచె కోసం చంపేది అదే జంతువును కదా, పాములొస్తే రావాలని మనం కోరుకునేదాన్ని! పిల్లల పనికి నైలాన్ కుంచె బాగా సరిపోతుంది, 2, 6, 10 నంబర్లు ఉంటే చాలు.

పాఠకుల పిల్లల బొమ్మలు వేసేటప్పుడు రంగులద్దిన ఒక్క బొమ్మ బదులు, పది చిన్న బొమ్మలున్న షీట్ పంపమని అడగండి. ఫోన్లో చూసి దించినదో, కుక్క పక్కన కూచుని గీసినదో ఆ షీటే చెప్పేస్తుంది. బొగ్గు బొమ్మలు పోస్టులో చెరిగిపోతాయి కాబట్టి ఫొటో తీసి పంపమనడం మంచిది. ఫ్లాష్ లేకుండా, ఉదయం పూట కిటికీ పక్కన, షీట్‌ను గోడకు ఆనించి నేరుగా ఎదుట నుంచి తీయాలి. పై నుంచి తీస్తే ఫోన్ నీడ సరిగ్గా తోక మీద పడుతుంది.

ఇట్లు,
పుస్తకాలకు బొమ్మలు వేసే ఒక పాఠకురాలు,
తిరుపతి