ఏలూరులో ఉన్న సత్తిబాబుకి

నరసాపురం,
శ్రావణ శుక్రవారం

చిరంజీవి సత్తిబాబుకి అమ్మ దీవించి రాసేది.

ఇక్కడ అందరం బాగున్నాం. నీ ఫోన్ వచ్చి చాలా రోజులైంది. నేను చేస్తే "హాల్లో ఉన్నానమ్మా, మళ్ళీ చేస్తా" అంటావు, ఆ మళ్ళీ రాదు. నువ్వు సినిమా ఆడించే హాల్లో జనమే ఉండట్లేదన్నావు కదా, రెండు ముక్కలు మాట్లాడితే ఏం పోయింది? అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఫోన్‌లాగా దీన్ని మధ్యలో పెట్టెయ్యలేవు.

గోదావరికి ఎర్రనీళ్ళొచ్చాయి. పులస దిగింది గానీ రేటడిగి తిరిగొచ్చేయడమే. నాన్న మోకాలు ఫరవాలేదు, మెట్లెక్కేటప్పుడే ఇబ్బంది. చిట్టి కంప్యూటర్ పరీక్ష బాగా రాసిందట. బుల్లెమ్మత్త వాళ్ళ రాంబాబు ఏలూరులో నిన్ను చూసొచ్చాడు. రంగుల పెట్టె, బొమ్మలేసుకునే అట్ట, అన్నీ ఇంటివాళ్ళ పిల్లాడికి ఇచ్చేశావనీ, పొద్దుటి పూట డెలివరీ బండి మీద తిరుగుతున్నావనీ చెప్పాడు. వాడు ఉన్నదానికి నాలుగు కలిపి చెప్పే మనిషి కాబట్టి నేను పూర్తిగా నమ్మలేదు. సరే, అది అలా ఉంచు.

వానలో తిరిగితే తల తుడుచుకుంటున్నావా? నీకు చిన్నప్పట్నుంచీ జలుబు చేస్తే ఛాతీలోకి దిగుతుంది.

జీతం ఆలస్యమవుతోందని నాకు తెలుసు. మీ ఒక్క హాలు సంగతే కాదు గదా. 2020లో కరోనాకి అన్ని హాళ్ళూ నెలల తరబడి మూతపడ్డాయి. 2024 మే నెలలో తెలంగాణలో సింగిల్ స్క్రీన్ హాళ్ళవాళ్ళు జనం లేరని పది రోజులు మూసుకుంటున్నామన్నారు, టీవీలో చూశాం. ఇప్పుడు నాలుగు వారాలు ఆగితే సినిమా ఓటీటీలోకి వచ్చేస్తోందని పక్కింటివాళ్ళు కూడా హాలుకి పోవడం మానేశారు. పెద్ద హీరో బొమ్మ పడ్డ వారం తప్పితే మ్యాట్నీకి పదిమంది. తెలుసు నాన్నా. కానీ పదిమందే ఉన్న మ్యాట్నీ నీలాంటివాడికి ఎంత మంచిదో ఆలోచించావా?

మీ పెద్దమావయ్య సంగతి నీకు సగమే తెలుసు. ఆయన ఆపరేటరుగా చేసే రోజుల్లో రాత్రి క్యారేజీ నేనే పట్టుకెళ్ళేదాన్ని, చిన్నపిల్లని. క్యాబిన్‌లో అడుగుపెడితే కొలిమి దగ్గర నిలబడ్డట్టే. రెండు మిషన్లు, ఒక్కోదాంట్లో రెండేసి కార్బన్ కడ్డీలు. ఆ కడ్డీల కొసల మధ్యే వెలుగు పుట్టేది. అవి కాలి అరిగేకొద్దీ మధ్య ఎడం పెరిగి, తెర మీద బొమ్మ మసకబారిపోతుంది. అందుకని నల్లద్దంలోంచి చూస్తూ వాటిని కొంచెం కొంచెంగా దగ్గరికి జరుపుతూ ఉండాలి. ఒక ఫిల్ము చుట్ట ఇరవై నిమిషాలు. అది అయిపోయేలోపు రెండో మిషన్లో తర్వాతి చుట్ట ఎక్కించి, తెర మీద కుడి పక్క పై మూలన చుక్క కనిపించగానే మార్చెయ్యాలి. ఆడేసిన చుట్టని చేత్తో తిప్పుతూ మళ్ళీ మొదటికి చుట్టుకోవాలి. మావయ్య నాటకాల్లో పాడే పద్యాలన్నీ ఆ తిప్పేటప్పుడే. చెయ్యి చుట్ట మీద, నోట్లో హరిశ్చంద్రుడు. కడ్డీల దగ్గర నిలబడితే మాత్రం పెదవి కదిలేది కాదు.

ఎండాకాలం ఒకరాత్రి ఫస్ట్ షో మధ్యలో కరెంటు పోయింది. జనరేటర్ మొరాయించింది. నేల టిక్కెట్టువాళ్ళు ఈలలు, కేకలు. కొందరు డబ్బులు వెనక్కివ్వమని గేటు దగ్గర గుమ్మస్తా చొక్కా పట్టుకున్నారు. మావయ్య క్యాబిన్ దిగి, ఒక కుర్రాడి చేత పెట్రోమాక్స్ లైటు పట్టించుకుని తెర ముందు నిలబడి కాటిసీను పద్యం ఎత్తుకున్నాడు. ఒళ్ళంతా చెమట, బనీను మీద మసి. రాగం తీస్తుంటే హాలు హాలంతా సద్దుమణిగింది. అయ్యాక వన్స్ మోర్! మళ్ళీ పాడాడు. కరెంటొచ్చేదాకా ఒక్కరూ కదల్లేదు. ఆ తర్వాత నాటకాలున్న రాత్రులు ఓనరే సెలవిచ్చేవాడు. కొత్త బొమ్మ పడ్డ రోజూ పండగ రోజూ మాత్రం నాటకం ఒప్పుకోకూడదని షరతు. మావయ్య ఆ మాట తప్పలేదు. నాటకాల డబ్బులు మేకప్పుకీ బస్సుకీ సరిపోయేవి, ఇల్లు నడిచింది హాలు జీతం మీదే. రెంటిలో ఏదీ వదల్లేదు.

నీకా కడ్డీల బాధ లేదు. సినిమా హార్డ్ డిస్కులోనో శాటిలైట్‌లోనో వస్తుందనీ, మీట నొక్కితే ఇంటర్వెల్ దాకా దానంతటదే ఆడుతుందనీ నువ్వే చెప్పావు. సౌండు, ఏసీ చూసుకున్నాక మిగిలిన టైమంతా నీదే. అదంతా ఫోన్లో పోతోందేమోనని నా భయం. పొద్దున్నే బండి మీద ఊరంతా తిరిగొస్తే మ్యాట్నీలో పెన్సిల్ పట్టలేవు, కూర్చున్నచోటే నిద్రపోతావు. ఆ వచ్చే నాలుగొందలూ పెట్రోలుకీ కాఫీలకీ సరి.

నేను లేసు ఎలా కుట్టానో చూశావు. పప్పు ఉడికేలోగా ఒక వరస, నాన్న వచ్చేలోగా ఇంకో వరస. మన నరసాపురం లేసుకి 2024లో, ఇది ఈ ప్రాంతం సరుకేనని చెప్పే జీఐ గుర్తింపు వచ్చింది, ఏజెంటు ఇచ్చే కూలి మాత్రం పెరగలేదు. అయినా రోజూ సూది పడతాను. తీరిక దొరికాక చేద్దామనుకుంటే ఒక్క టేబుల్ క్లాతూ పూర్తయ్యేది కాదు. నువ్వు ఇంటర్‌లో ఉండగా గీసిన నా చేతి బొమ్మ బీరువా తలుపు లోపల అంటించే ఉంది. చిటికెన వేలికి దారం చుట్టుకున్న తీరు, సూది పట్టిన చోట కాయగాసిన చర్మం, అన్నీ వేశావు. అలా చూడగలిగినవాడు రంగులు ఇంకొకరికి ఇచ్చెయ్యడమేంటి? ఆ పిల్లాడికి వేరే పెట్టె కొనిపెట్టు, డబ్బులు నేనిస్తాను. నీ పెట్టె వెనక్కి తెచ్చుకో.

మీ హాలు తీసేసి ఫంక్షన్ హాలు కడతారని కూడా అన్నాడు రాంబాబు. నిజమైతే ఆ మాట ముందు నాకు చెప్పు, వీధిలోవాళ్ళ నోట వినకూడదు. హాలు పోతే భీమవరంలో నాన్నకి తెలిసినవాళ్ళున్నారు, ఏదో ఒక పని చూస్తారు. దానికి టెన్షన్ పడకు. బొమ్మలు మానేస్తే మాత్రం చెయ్యి మొద్దుబారిపోతుంది, అది ఎవరూ చూసిపెట్టేది కాదు. రోజుకి ఒక బొమ్మ, చిన్నదైనా సరే. టిక్కెట్లు చించే సూరిబాబుని వెయ్యి, ముందు వరసలో కాళ్ళు చాపుకుని పడుకునే ముసలాయన్ని వెయ్యి.

సోమవారం ఆర్టీసీ కార్గోలో పార్సిల్ వేయిస్తున్నాను. మాగాయ, సున్నుండలు, రెండు స్కెచ్ పుస్తకాలు ఉంటాయి. పుస్తకాలు చిట్టి భీమవరం నుంచి తెచ్చింది, కాగితం మందం చూసి తీసుకోమన్నాను. మెసేజ్ వచ్చిన రోజే వెళ్ళి తెచ్చుకో. బండి మీద కాదు, ఆటోలో. సీసా నిలబెట్టి పట్టుకో, నూనె కారితే కాగితాలు పాడవుతాయి. అందాక ఫోన్ చెయ్యి. రాత్రి పదకొండైనా ఫరవాలేదు, మెలకువగానే ఉంటాను.

ఇట్లు,
అమ్మ