ఉచిత డేటాబేస్‌కు పూచీ ఎవరు?

సంపాదకులకు నమస్కారం.

ఓపెన్ సోర్స్ డేటాబేస్ (లెక్కలు దాచే ప్రోగ్రాము, దాని కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది) ఉచితం కాబట్టి రేపు లెక్క తేడా వస్తే అడగడానికి ఎవరూ ఉండరన్న మాట గుంటూరులో మిర్చి కమీషన్ కొట్ల నుంచి కోల్డ్ స్టోరేజీల దాకా వినిపిస్తూనే ఉంటుంది. వారికి లెక్కల ప్రోగ్రాములు రాసిపెట్టే వృత్తిలో ఉన్నవాడిగా, ఈ భయంలో సగమే నిజమని చెప్పదలచాను.

ఒక లాటులో 40 టిక్కీలే మిగిలి ఉండగా, ఇద్దరు గుమాస్తాలు రెండు కంప్యూటర్ల మీద ఒకేసారి 30 చొప్పున డెలివరీ రాశారనుకుందాం. పోస్ట్‌గ్రెస్ అనే ఉచిత ఓపెన్ సోర్స్ డేటాబేస్‌లో మొదటి నమోదు పూర్తయ్యేదాకా రెండోది ఆగుతుంది. నిల్వ సున్నాకు దిగువకు పోరాదన్న నియమం డేటాబేస్ పట్టికలో (టేబుల్‌లో) ముందే పెట్టి ఉంటే, ఆగిన ఆ నమోదును డేటాబేసే తిప్పికొడుతుంది. లక్షలు పోసి కొన్న ఒరాకిల్ అనే వాణిజ్య డేటాబేస్‌లోనూ జరిగేది ఇదే. 1986లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మొదలై నేటికీ మెరుగుపడుతున్న పోస్ట్‌గ్రెస్‌ను ఈ విషయంలో చిన్నచూపు చూడనక్కరలేదు.

వాణిజ్య డేటాబేస్‌ల లైసెన్సు రుసుము తరచుగా కంప్యూటర్ ప్రాసెసర్‌లోని కోర్ల (లెక్కలు చేసే భాగాల) సంఖ్యను బట్టి ఉంటుంది, సపోర్టుకు ఏటా వేరే కట్టాలి. వాటిలోనూ ఉచిత ఎడిషన్లు లేకపోలేదు గానీ, మైక్రోసాఫ్ట్ వారి ఉచిత ఎడిషన్ ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ 2022లో ఒక్కో డేటాబేస్ 10 జీబీ దాటరాదు. రసీదుల ఫొటోలు సైతం అందులోనే దాచే కొట్టుకు అది ఎన్నో సీజన్లు సరిపోదు. అనేక సర్వర్లు కలిసి ఒకే డేటాబేస్‌ను నడపవలసిన పెద్ద సంస్థల సంగతి వేరు, అక్కడ ఒరాకిల్‌కు పెట్టే ఖర్చుకు అర్థముంది. ఏళ్ల తరబడి దాని మీదే ప్రోగ్రాములు రాసుకున్నవారు హఠాత్తుగా మారడమూ తేలిక కాదు: ఖాళీ స్ట్రింగును (ఒక్క అక్షరమూ లేని మాటను) ఒరాకిల్ 'నల్'గా, అంటే విలువే తెలియనిదిగా లెక్కిస్తుంది, పోస్ట్‌గ్రెస్ లెక్కించదు, ఈ ఒక్క తేడాతోనే పాత రిపోర్టులు తారుమారు కావచ్చు.

ఇక భయంలో నిజమైన సగం బ్యాకప్. రోజూ తీస్తున్నామనే చెబుతారు. చూస్తే అది అదే కంప్యూటర్‌లో, డి డ్రైవ్‌లో ఉంటుంది. హార్డ్ డిస్క్ పోతే రెండూ కలిసే పోతాయి. లైసెన్సు కొన్నంత మాత్రాన కంపెనీవారు వచ్చి మన బ్యాకప్ తీసిపెట్టరు. కనుక లైసెన్సుకు పెట్టదలచిన సొమ్ములో కొంతైనా, నెలకొకసారి ఆ బ్యాకప్‌ను మరో కంప్యూటర్‌లో ఎక్కించి, అందులోని నిల్వను గోడౌను పుస్తకంతో సరిచూసే మనిషికి జీతంగా ఇవ్వాలని యజమానులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ప్రోగ్రామర్, గుంటూరు