"పెద్దదానివి కదా" అనే ముందు

తల్లిదండ్రులకు నమస్కారం.

పిల్లల గురించి టీచర్లతో మాట్లాడేటప్పుడు మీలో చాలామంది అనే మాటలివి: "పెద్దది బుద్ధిమంతురాలండీ, చిన్నాడితోనే బాధ", "నడిపివాడు మొండి", "ఒక్కతే కదా, గారాబం". పుట్టిన వరుసను బట్టి స్వభావం వస్తుందన్న నమ్మకం పాతదే. దానికి సిద్ధాంతరూపం ఇచ్చింది వియన్నా వైద్యుడు ఆల్ఫ్రెడ్ ఆడ్లర్ (1870–1937). తమ్ముడో చెల్లెలో పుట్టగానే మొదటి బిడ్డ సింహాసనం దిగిపోవలసి వస్తుందని, ఆ దెబ్బ స్వభావంలో మిగిలిపోతుందని ఆయన అన్నాడు.

లెక్కలు మాత్రం అంత దూరం వెళ్లనివ్వవు. అమెరికాలో 3,77,000 మంది హైస్కూలు విద్యార్థుల వివరాలతో 2015లో వచ్చిన అధ్యయనంలో, వరుసకూ స్వభావానికీ ఉన్న సంబంధం దాదాపు సున్నా. అదే ఏడాది అమెరికా, బ్రిటన్, జర్మనీల్లో 20,000 మందికి పైగా వ్యక్తులపై వచ్చిన పరిశోధన కూడా కలుపుగోలుతనం, క్రమశిక్షణ, భావోద్వేగ స్థిరత్వం వంటివాటిలో నిలిచే తేడా ఏదీ చూపలేదు. తెలివితేటల పరీక్షల్లో మాత్రం చిన్న తేడా ఉంది. నార్వేలో సైన్యంలో చేరే వయసు యువకులు దాదాపు 2,40,000 మందిని పోల్చితే, మొదటివారికి రెండోవారికన్నా సగటున 2.3 పాయింట్లు ఎక్కువ వచ్చాయి. ఆ అధ్యయనంలో అసలు గమనించాల్సింది మరొకటుంది: అన్నో అక్కో చిన్నప్పుడే చనిపోయి, ఇంట్లో తామే పెద్దవారుగా పెరిగిన రెండో పిల్లలకూ మొదటివారికి దగ్గరగానే వచ్చాయి. అంటే తేడా తెచ్చేది పుట్టుక కాదు, ఇంట్లో దక్కిన స్థానం. ఇవన్నీ సగటులే. మీ ఇంట్లోని ఏ ఒక్క బిడ్డ గురించీ అవి ఏమీ చెప్పలేవు.

మరి ఇంట్లో తేడా అంత స్పష్టంగా ఎందుకు కనిపిస్తుంది? పదేళ్ల బిడ్డను ఆరేళ్ల బిడ్డ పక్కన నిలబెట్టి చూస్తాం కాబట్టి. పోల్చక తప్పదనుకుంటే పెద్దది ఆరేళ్లప్పుడు ఎలా ఉండేదో గుర్తు చేసుకోండి. ఇంట్లో వేసే వేషాన్ని పిల్లలు చాలాసార్లు బడి గేటు దగ్గరే వదిలేస్తారు కూడా. ఇంట్లో చెప్పులు కూడా తొడిగించుకునే చిన్నవాడు తరగతిలో జట్టును నడిపిస్తూ ఉండొచ్చు.

స్వభావం కన్నా నన్ను కలవరపెట్టేది, ఇంట్లో తమకున్న స్థానాన్ని బట్టి పిల్లలు బంధాల గురించి ఏర్పరచుకునే నమ్మకాలు. రంగుపెన్సిళ్ల డబ్బా కోసం ఇద్దరూ పెనుగులాడుతున్నారనుకోండి. మనం పక్కగదిలోంచే, "పెద్దదానివి కదా, ఇచ్చెయ్" అంటాం. అర నిమిషంలో గొడవ సద్దుమణుగుతుంది. కానీ పెద్దదానికి అర్థమైంది: వదులుకుంటేనే నన్ను మంచిదంటారు. చిన్నవాడికి అర్థమైంది: ఏడిస్తే వస్తుంది. రోజూ ఇదే జరిగితే ఆ నమ్మకాలు స్నేహాల్లోకీ వెళ్తాయి. అడగాల్సినచోట ఒకరు నోరు మెదపరు, ఆగాల్సినచోట మరొకరు ఆగరు.

అందుకే తీర్పు చెప్పే ముందు డబ్బాను మీ చేతిలోకి తీసుకోండి. ఇద్దరినీ ఒక్కొక్క నిమిషం చెప్పనివ్వండి. ఇవాళ ముందు చిన్నవాడు, రేపు ముందు పెద్దది. ఒకరు చెప్పింది రెండోవారు తిరిగి చెప్పాలి. తర్వాత, "ఇప్పుడేం చేద్దాం?" అని వాళ్లనే అడగండి. మొదటి వారం ఇది పనిచేయనట్టే ఉంటుంది, గొడవలు ఇంకా పొడుగవుతాయి. చాలామంది అక్కడే విసుగొచ్చి పాత పద్ధతికి వెళ్లిపోతారు. మూడు వారాలు ఓపిక పట్టండి. కొట్టుకుంటుంటే మాత్రం ముందు విడదీయండి, మాటలు తర్వాత.

పనులు వరుసను బట్టి కాకుండా వయసును బట్టి ఇవ్వండి, వారం వారం మార్చండి. పెద్దది ఆరేళ్లకు చేసిన పని చిన్నవాడికీ ఆరేళ్లకే రావాలి. చిన్నవాడికి చదువు చెప్పే పని పెద్దదానికి పది, పదిహేను నిమిషాలకు మించి పెట్టకండి. వాడి మార్కులకు తనను జవాబుదారీ చేయకండి. చెప్పేవారికే పాఠం ఎక్కువ పట్టుబడుతుంది కాబట్టి చిన్నవాడికీ ఆ అవకాశం కావాలి. ఆ రోజు నేర్చుకున్నదాన్ని మీకో అక్కకో వివరించమనండి. మధ్యలో దిద్దకండి.

కొత్త బిడ్డ పుట్టిన ఇళ్లలో పెద్దబిడ్డ మళ్లీ పక్క తడపడం, ముద్దుమాటలు మాట్లాడటం మామూలే. కోప్పడితే ఎక్కువవుతుంది. రోజూ ఒకే వేళకు పదిహేను నిమిషాలు, ఫోన్ పక్కనపెట్టి, ఆ బిడ్డ ఒక్కరితోనే గడపండి. నడిపి పిల్లలకూ ఇదే మందు. ఇక ఒంటరి పిల్లలు స్వార్థపరులన్న మాటకు పరిశోధనల్లో ఆధారం దొరకలేదు. దయచేసి ఆ మాట వాళ్ల ముందు అనకండి.

వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో ఇద్దరు ముగ్గురు పిల్లలున్నవారికి ఒక్కో బిడ్డ గురించి విడిగా సమయం ఇస్తాం. ఒకరి గురించి మాట్లాడేటప్పుడు రెండోవారిని బయట కూర్చోబెట్టండి. "వాళ్ల అక్క మీ బడిలోనే చదివింది" అన్న పరిచయం అక్కర్లేదు, బిడ్డ పేరు చెప్పండి చాలు. మా టీచర్లకూ ఇదే చెప్పాను.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు