పాత రిపోర్టులు పారేయకండి, ఫోన్ వస్తే ఎత్తండి

ఎడిటర్ గారికి నమస్కారం.

క్యాన్సర్‌కి కొత్త మందు అనగానే పేపర్లో పెద్ద హెడ్డింగ్ పెడతారు, సంతోషమే, కానీ దానికి ముందు ఏళ్ల తరబడి నడిచే పని గురించి ఎవరూ రాయరండి. నేను వైజాగ్‌లో ఒక పెథాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్ని. థైరాయిడ్ క్యాన్సర్ మీద రీసెర్చ్ చేసే ఒక డాక్టర్ మేడం మా దగ్గరకి వస్తుంటారు, ఆవిడ పని కళ్లారా చూస్తున్నా కాబట్టి రాస్తున్నా.

ఆపరేషన్లో తీసిన ముక్కని మేం మైనంలో పెట్టి బ్లాక్ చేస్తాం, అగ్గిపెట్టంత కూడా ఉండదు. దాన్నుంచి నాలుగైదు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు) పొర కోసి, గోరువెచ్చటి నీళ్ల మీద తేల్చి, స్లైడ్ మీదకి ఎత్తుతాం, ముడత పడిందా మళ్లీ కోయాల్సిందే. మేడం ఎప్పటివో పాత బ్లాకులు తీయించి, మళ్లీ కోయించి, గడ్డ చుట్టూ ఉన్న పొర ఎక్కడైనా తెగి కణాలు బయటికి పాకాయా అని అంచు అంచంతా మైక్రోస్కోప్‌లో చూస్తారు. సాయంత్రం అయ్యేసరికి, ఆ బ్లాకుల తాలూకు పేషెంట్లు ఇప్పుడెలా ఉన్నారో కనుక్కోడానికి ఫోన్లు పట్టుకుంటారు. సగం నంబర్లు మారిపోయుంటాయి, శ్రీకాకుళం వైపు వాళ్లు పనులకి ఎక్కడికో వలస పోయుంటారు, పాడేరు పైన కొండ ఊళ్లలో సిగ్నలే దొరకదు, ఎత్తినోళ్లు కూడా కొందరు "మాకేం లేదండి, బానే ఉన్నాం" అని కట్ చేసేస్తారు. మేడం విసుక్కోరు. ఆ బానే ఉన్నాం అన్నది కూడా డేట్ వేసి రాసుకుంటారు, ఆవిడకి కావాల్సింది అదే మరి.

ఎందుకంటే థైరాయిడ్‌లో ఎక్కువగా వచ్చే పాపిల్లరీ రకం చాలా నిదానం, ఒక్కోసారి 20 ఏళ్ల తర్వాత కూడా తిరగబెడుతుంది. రెండేళ్లు చూసి ఏం తేలుద్ది? ప్రాజెక్ట్ గడువు అయిపోగానే మేడంకి తోడుగా ఫోన్లు చేసే కుర్రాడి జీతం ఆగిపోద్ది, ఇది నాకు చాలా బాధ.

2016లో ఒక రకం థైరాయిడ్ గడ్డని క్యాన్సర్ల లిస్టులోంచే తీసేశారు, తెలుసా అండి? అమెరికాలో పిట్స్‌బర్గ్‌లో పనిచేసే యూరీ నికిఫొరోవ్ అనే డాక్టర్ ముందుండి, 7 దేశాల నుంచి 24 మంది పెథాలజిస్టులు పాత స్లైడ్లు తిరగేసి చూశారు. ఆ రకంలో పొర దాటని గడ్డలున్న 109 మందిని 10 నుంచి 26 ఏళ్ల దాకా ఫాలో అయితే అందరూ బతికే ఉన్నారు, ఒక్కరికీ జబ్బు తిరిగి రాలేదు. ఇప్పుడు అలాంటి గడ్డ ఉన్నవాళ్లకి మిగిలిన క్యాన్సర్ కణాల్ని చంపడానికి ఇచ్చే రేడియో అయోడిన్ మందు అక్కర్లేదు, మిగిలిన గ్రంథిని కూడా మళ్లీ కోసి తీయక్కర్లేదు. జపాన్‌లో కోబేలోని కుమా హాస్పిటల్లో అయితే మియావుచి అనే సర్జన్ చొరవతో 1993 నుంచే సెంటీమీటర్ లోపు ఉండి ప్రమాదం తక్కువున్న పాపిల్లరీ క్యాన్సర్ గడ్డల్ని కోయకుండా అల్ట్రాసౌండ్‌తో కనిపెట్టుకుని ఉన్నారు, పదేళ్లలో గడ్డ పెరిగింది నూటికి 8 మందికే. ఇది చదివి ఎవరూ సొంతంగా ఆపరేషన్ మానేయకండి, ఎవరికి కోయాలో ఎవరికి ఆగాలో డాక్టరే చెప్పాలి.

ఆ 109 మంది ఎలా ఉన్నారో ఏళ్ల తరబడి తెలుస్తూ ఉండబట్టే కదా ఇదంతా తేలింది. అందుకే థైరాయిడ్ ఆపరేషన్ అయినవాళ్లు బయాప్సీ రిపోర్ట్ దాచుకోండి, నంబర్ మారితే హాస్పిటల్లో చెప్పండి, రీసెర్చ్ వాళ్లు ఫోన్ చేస్తే రెండు నిమిషాలు మాట్లాడండి. ఎడిటర్ గారూ, వీలైతే ఈ ఉత్తరం శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు పేజీల్లో కూడా వేయండి, మేడం వెతుకుతున్న వాళ్లలో చాలామంది అటువైపు వాళ్లే.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్,
గాజువాక, విశాఖపట్నం