నవల సంక్రాంతికి రావడం లేదు, ఉగాదికి వస్తుంది

మన పాఠకులందరికీ నమస్కారం.

అమెరికా పశ్చిమ మైదానాల నేపథ్యంలో మేం వేస్తున్న ప్రేమ నవలకి మీలో చాలామంది ముందే డబ్బు కట్టారు. సంక్రాంతికి ఇస్తామన్నాం, ఇవ్వలేకపోతున్నాం. ప్రెస్‌లో ఇబ్బందేమీ లేదు. చివరి భాగం మళ్లీ రాయమని రచయిత్రిని మేమే అడిగాం, ఆవిడ ఒప్పుకున్నారు. ఎదురుచూసేది మీరు కాబట్టి కారణం మీకు చెప్పాలి.

కథ 1873లో నెబ్రాస్కాలో మొదలవుతుంది. భర్త పోయిన ఒక యువతి తన పేరు మీదే భూమికి దరఖాస్తు పెట్టుకుంటుంది. పక్క పొలం ఒక మాజీ సైనికుడిది. 1865లో అంతర్యుద్ధం ముగిసినా అతని తుంటి నొప్పి తగ్గలేదు. దానికోసం మొదలుపెట్టిన లాడనం వదల్లేకపోతుంటాడు. లాడనం అంటే సారాలో కలిపిన నల్లమందు. ఆ రోజుల్లో డాక్టర్ చీటీ లేకుండానే మందుల షాపులో అమ్మేవారు.

మొదటి రాతప్రతిలో ఆమె మీద ప్రేమ పుట్టగానే సీసా విసిరేసి, ఒక్క అధ్యాయంలో మామూలు మనిషైపోయాడు. చదవడానికి హాయిగానే ఉంది. కానీ నల్లమందు మానడం అలా ఉండదు. వాంతులు, విరేచనాలు, ఒళ్లంతా నొప్పులు, నిద్రలేని రాత్రులు. అవన్నీ దాటాక కూడా అది మళ్లీ మళ్లీ లాగుతుంది. ఇంట్లో మనిషి తాగుడు మాన్పించడానికి ఏళ్లతరబడి నలిగిపోతున్నవాళ్లు మన పాఠకుల్లో ఉన్నారు. షాపుకొచ్చి, పుస్తకం తీసుకుంటూ నాతో చెప్పుకున్నవాళ్లున్నారు. 'నువ్వు సరిగ్గా ప్రేమించి ఉంటే వాడు ఎప్పుడో మానేసేవాడు' అనే అర్థం వచ్చే పుస్తకాన్ని నేను వాళ్ల చేతిలో పెట్టలేను.

ఇప్పుడు రాస్తున్న దాంట్లో అతను ఒకసారి మానేస్తాడు, 1874లో మిడతలొచ్చినప్పుడు మళ్లీ మొదలుపెడతాడు. ఆ ఏడు నెబ్రాస్కా, కాన్సస్‌ల మీద మిడతల దండు నిజంగానే పడింది. పంటతో ఆగకుండా ఆరేసిన బట్టలు, పనిముట్ల చెక్క పిడులు కూడా కొరికేశాయి. ఆ రాత్రి ఆమె అతన్ని గడప దాటనివ్వదు, అతని గుర్రానికి మాత్రం నీళ్లు పెడుతుంది. ఆ రెండు పేజీలు చదివాక ఆలస్యమైనా ఫర్వాలేదనుకున్నాను.

పెళ్లి కూడా వెనక్కి జరిగింది. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం 160 ఎకరాల్లో ఐదేళ్లు నివాసం ఉండి సాగుచేస్తే పట్టా ఇచ్చేవారు. ఒంటరి స్త్రీలు, వితంతువులు సొంత పేరున అడగొచ్చు. భర్త ఉన్న ఇల్లాలికి మామూలుగా ఆ వీలు లేదు. అందుకే పట్టా చేతికొచ్చేదాకా పెళ్లి మాటెత్తొద్దని అంటుంది మన నాయిక. నాకు ఆమె నచ్చింది అక్కడే.

ఆ భూమి అంతకుముందు ఎవరిదో కూడా నవలలో ఉంటుంది. లూప్ నది ఒడ్డున ఊళ్లు కట్టుకుని మొక్కజొన్న పండించుకున్న పానీ అనే ఆదివాసీ తెగవాళ్లను సరిగ్గా ఆ ఏళ్లలోనే ఇప్పటి ఓక్లహోమాకి పంపించేశారు. కొందరి గాయం మానడం గురించి రాస్తూ, అదే నేల మీద ఇంకొకరికి తగిలిన గాయాన్ని దాటేసి వెళ్లకూడదు.

అట్ట మీద తుపాకీ, టోపీ ఉంటే బాగా అమ్ముడుపోతుందని కొందరు సలహా ఇచ్చారు. 1971లో కృష్ణ గారు గుర్రమెక్కినప్పటి నుంచీ కౌబాయ్ అంటే మనకి ఆ బొమ్మే గుర్తొస్తుంది, నాకూ ఇష్టమే. కానీ ఈ కథలో తుపాకీ పెద్దగా పేలదు. అట్ట మీద మట్టి ఇల్లు వేయిస్తున్నాం. చెట్లు లేని ఆ నేలలో గడ్డి వేళ్లతో సహా మట్టిని పలకలుగా కోసి, ఇటుకల్లా పేర్చి కట్టుకునేవారు. వానొస్తే కప్పు నుంచి బురదనీళ్లు కారేవి, పైనుంచి రాలే మట్టి పడకుండా లోపల గుడ్డ కట్టేవారు. వంటచెరకు దొరక్క ఎండిన పేడతోనే పొయ్యి వెలిగించేవారు. పిడకల మీద వండిన ఇళ్లలో పెరిగినవాళ్లకి ఆ వంటిల్లు కొత్తగా అనిపించదు.

మనకెందుకీ అమెరికా కథ అని అడిగినవారికి ఒక్క మాట. మా షాపున్న రాజమండ్రిలోనే 1881 డిసెంబర్ 11న వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం చేయించారు. మన నాయిక పట్టా పుచ్చుకుని రెండో పెళ్లికి సరేననేది కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే.

ఇక డబ్బు సంగతి. కాగితం ధర పెరిగింది, పేజీలూ పెరిగాయి. కొత్తగా కొనేవారికి పుస్తకం 360 రూపాయలు. ఇప్పటికే 300 కట్టినవాళ్లు ఒక్క రూపాయి కూడా అదనంగా ఇవ్వక్కర్లేదు, పోస్టు ఖర్చూ మాదే. ఆగలేమనుకుంటే చెప్పండి, కట్టినదంతా వెనక్కి ఇచ్చేస్తాం, ఎందుకని అడగం. అడ్రస్ మారినవాళ్లు మాత్రం హోలీలోపు కొత్త అడ్రస్ పంపండి. ఆ తర్వాత పార్సిళ్లు కట్టడం మొదలుపెడతాం.